గ్రెనడాలో పలకరించి ఎక్కే బస్సులు

మా బాస్ మెహతా టికెట్లు చేతిలో పెట్టి, "వారం తిరిగి చూసి రా. అక్కడ రెండేళ్ళు ఉండగలవో లేదో పై సోమవారం చెప్పు" అన్నాడు. అక్కడంటే గ్రెనడా, కరీబియన్ సముద్రంలో ఓ బుల్లి ద్వీప దేశం. అక్కడి ఒక బ్యాంకుకి మా గురుగ్రామ్ కంపెనీ సాఫ్ట్‌వేర్ పెడుతోంది, దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఆఫీసులో పెళ్ళీ పిల్లలూ లేనిదాన్ని నేనే కాబట్టి అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. విశాఖలో ఉన్న అక్కకి ఫోన్ చేస్తే, "ఎక్కడున్నా నువ్వొక్కదానివేగా, ఎక్కడైతేనేం?" అంది. ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను.

శుక్రవారం రాత్రి ఢిల్లీ ద్వారకలోని మా అపార్ట్‌మెంట్ సొసైటీ నుంచి బయల్దేరాను. లిఫ్టులో పై అంతస్తు ఆంటీ ఉంది. ఆరేళ్ళుగా వారానికి రెండు మూడుసార్లైనా ఆవిడా నేనూ కలిసే దిగుతాం. ఆ రోజూ ఎప్పటిలాగే అంకెలు మారడం చూస్తూ కిందికి వచ్చాం. నా చేతిలో అంత పెట్టె ఉన్నా ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆవిణ్ణి అనడానికేముంది? ఆదివారం అశోకా రోడ్డు క్యాంటీన్‌కి ఆంధ్రా భోజనానికి వెళ్తే నేను మాత్రం ఎదుటి మనిషిని పలకరిస్తానా? తలొంచుకుని పప్పూ ఆవకాయా కలుపుకుని తినేసి లేచొస్తాను.

లండన్‌లో విమానం మారి, శనివారం సాయంత్రానికి గ్రెనడాలో దిగాను. రాజధాని సెయింట్ జార్జెస్‌లో కొండ మీద గెస్ట్ హౌస్. కిటికీ తీస్తే ఎర్ర పెంకుల ఇళ్ళు, కింద ఓడరేవు. ఆదివారం ఊరంతా మూతపడింది. అందరూ తెల్లబట్టలు కట్టుకుని చర్చికీ, అక్కణ్ణుంచి అమ్మమ్మల ఇళ్ళకీ పోయారు. నేను గదిలో కూర్చుని బిస్కెట్లు తిన్నాను. ఇక్కడ రెండేళ్ళా, నా వల్ల కాదు బాబోయ్ అనుకున్నాను.

సోమవారం ఎనిమిదింటికి బస్ స్టాండుకి వెళ్ళాను. బస్సులంటే మన మారుతీ వ్యాన్ల అన్నయ్యలు, అద్దం మీద రూటు నంబరు. టికెట్ మన లెక్కలో నూరూ నూట ఇరవై. జాజికాయలకు పేరుపడ్డ గూయావ్ అనే ఊరికి బండెక్కి, మెట్రోలో కూర్చున్నట్టే బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఫోన్ తీశాను. బండిలో గోల ఠక్కున ఆగిపోయింది. అందరూ నన్నే చూస్తున్నారు. పక్క సీట్లో పూల టోపీ పెట్టుకున్న పెద్దావిడ నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఏమ్మా, మేమింతమందిమి కూర్చున్నాం, నీకు కనబడలేదా?" అంది.

ఇంకో ఆవిడ ఎక్కుతూ "గుడ్ మార్నింగ్" అంది. బండి మొత్తం ఒక్క గొంతుతో బదులిచ్చింది. అప్పుడు నాకు వెలిగింది. సిగ్గుతో చచ్చి, "గుడ్ మార్నింగ్" అన్నాను. డ్రైవరుతో సహా అందరూ పలికారు. ఆ పెద్దావిడ పేరు వెరా. గూయావ్‌లో జాజికాయలు ఏరే గోడౌన్లో పని చేస్తుందట. తన స్టాపు రాగానే ఆపమన్నట్టు బండి పైకప్పు మీద టకటకా కొట్టి, నన్నూ దింపింది. గోడౌన్ నిండా ఘాటైన వాసన, చెక్క బల్లల ముందు వరసగా ఆడవాళ్ళు. ఎర్రటి జాపత్రిని అంత తాజాగా చూడడం అదే మొదటిసారి.

మంగళవారం కొండల మధ్య గ్రాండ్ ఎటాంగ్ సరస్సుకీ, బుధవారం తూర్పు తీరంలో గ్రెన్‌విల్‌కీ వెళ్ళాను. ఎక్కిన ప్రతి బండిలో పలకరించాను, ప్రతి బండీ పలికింది. మధ్యాహ్నం కొబ్బరిపాలలో ఉడికిన సీమపనస, మన చేమాకు లాంటి ఆకుకూర. రుచి బాగానే ఉంది, ఎదురు కుర్చీ మాత్రం ఖాళీ. సాయంత్రం ఆరింటికి చీకటి పడితే కప్పల అరుపులు, నేను. పలకరింపులు కడుపు నింపవు కదా! ఎటూ తేల్చుకోలేక ఒకసారి ఏడ్చాను కూడా.

గురువారం మళ్ళీ గూయావ్ బండెక్కాను. నేను నోరు తెరిచేలోగానే వెరా జరిగి చోటిచ్చి, "రెండు రోజులు కనబడలేదేం? ఒంట్లో బాగోలేదేమో అనుకున్నా" అంది. నేను కనబడలేదని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో! అలాగని ఆవిడ ఇంటికేం పిలవలేదు. తన స్టాపులో పైకప్పు కొట్టి, చెయ్యూపి దిగిపోయింది. శుక్రవారం రాత్రి ఆ ఊళ్ళో చేపల సంత. గుంపులు గుంపులుగా జనం, పాటలు. బల్ల చివర కూర్చుని వేపుడు చేప ఒక్కదాన్నే తిన్నాను.

శనివారం సాయంత్రం తిరుగు విమానం. వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇదీ: గొడుగు తీసుకెళ్ళండి, ఆదివారానికి సరిపడా తిండి ముందే కొనిపెట్టుకోండి, బస్సెక్కగానే ముందు పలకరించండి. చూడ్డానికి అందమైన దేశం. ఒంటరితనం అక్కడా ఉంది, ఏమీ తగ్గదు. మెహతాకి ఏం చెప్పాలో మాత్రం ఢిల్లీలో దిగేదాకా తేలలేదు.

సోమవారం పొద్దున పెట్టె ఈడ్చుకుంటూ మా లిఫ్టులోకి అడుగు పెట్టాను. పై అంతస్తు ఆంటీ పాల ప్యాకెట్లతో నిలబడి ఉంది. వారం రోజుల అలవాటు కదా, నోరు ఊరుకోలేదు.

"గుడ్ మార్నింగ్ ఆంటీ" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడి, నన్ను కిందా మీదా చూసి, నిజంగానే ఆప్యాయంగా నవ్వింది. "గుడ్ మార్నింగ్ బేటా! నయీ ఆయీ హో క్యా? కౌన్సా ఫ్లాట్?"

కొత్తగా దిగావా అని అడుగుతోంది. ఆరేళ్ళు! లిఫ్టు నా అంతస్తులో ఆగింది.

"నహీ ఆంటీ," అన్నాను, "జా రహీ హూ." వెళ్ళిపోతున్నాను.