బరాత్‌లో స్పోర్ట్స్ కారు మైలేజీ

మా మేనమామ కొడుకు నరేష్ పెళ్లి ఆర్మూర్‌లో. పెళ్లికొడుకు స్పోర్ట్స్ కారులోనే దిగాలని మామ పట్టుబట్టాడు. ఆఫీసు మిత్రుణ్ని బతిమాలి అతని రెండు సీట్ల ఎర్ర కారు తెచ్చే పని నా నెత్తిన పడింది. నడిపేది కూడా నేనే. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి సరదా పుడితే, కారు తాళం అడిగే ముందు ఇది చదవండి.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి, కామారెడ్డిలో ఇడ్లీ తిని, ఎనిమిదిన్నరకల్లా అంకాపూర్‌లో మామ ఇంటి ముందున్నాను. జాతీయ రహదారి మీద లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇచ్చింది. ఆ కారుకు అంతకంటే ఏం కావాలి! ఖరీదైన రకం పెట్రోలే పోయాలని మిత్రుడు మరీ మరీ చెప్పాడు, అది దారిలో దొరకలేదు. ఉన్న పెట్రోలుతో ఇంకా యాభై కిలోమీటర్లు పోవచ్చని మీటరు చూపిస్తోంది. ఫంక్షన్ హాలు పది కిలోమీటర్లు కూడా లేదు. తిరుగు ప్రయాణంలో పోయించుకుందామనుకున్నాను.

పదకొండుంబావుకు ముహూర్తం. ఊరు దాటాక నరేష్ మెల్లగా ఒక సంగతి చెప్పాడు. పెళ్లికూతురు స్రవంతికి ఇంతకుముందు ఒక సంబంధం కుదిరిందట. పెళ్లినాడు అవతలివాళ్లు రానే లేదు. స్రవంతి నాన్న రాజన్న మధ్యాహ్నం దాకా హాలు గేటు దగ్గరే నిలబడ్డాడట. అందుకే ఈసారి మామను కట్నకానుకల గురించి కాదు, ఒక్క ఆలస్యం గురించే బతిమాలుకున్నాడు. మామ సరేనన్నాడు. అన్నాడు గానీ, ఆర్మూర్ పొలిమేరలో డప్పులు మొదలయ్యేసరికి ఆ మాట ఎటు పోయిందో ఆయనకే తెలియాలి.

బరాత్ అంటే తెలుసుగా, ముందు ఆడేవాళ్లు ఎంత కదిలితే వెనక కారు అంత కదలాలి. రెండడుగులు వేయడం, ఆగడం. ఇంజన్ మాత్రం ఆగదు, నిలబడి కూడా తాగుతూనే ఉంటుంది. పైగా మామ కిటికీలోంచి తల పెట్టి, “అల్లుడా, ఒక్కసారి సౌండ్ ఇయ్యి. అందరికి ఇనవడాలె,” అంటాడు. గర్జించినప్పుడల్లా కుర్రాళ్లు ఈలలు వేశారు, మీటరులో అంకె పడిపోయింది. కిలోమీటరు నడిచామో లేదో, పొద్దున చూపించిన యాభై కాస్తా పంతొమ్మిదైంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏసీ కట్టేశాను. తలపాగా కింద నరేష్ చెమటకు బొట్టు కారిపోయింది. సీసాలో తెమ్మని ఒక చుట్టాన్ని బైకు మీద బంకుకు పంపితే, సీసాల్లో పోసేది లేదన్నారని ఉత్త చేతులతో వచ్చాడు.

అది పసుపు అమ్మే కాలం. బస్తాలతో నిండిన ట్రాక్టర్లు ముందూ వెనకా బిగుసుకుపోయాయి, కారు పక్కకు తీసే సందు లేదు. పదకొండు దాటింది. నరేష్ ఫోన్ మోగింది. స్రవంతి గొంతు నాకూ వినిపించింది: “ఏడున్నరు? మా నాయిన గేటు కాడికెళ్లి కదుల్తలేడు. నీళ్లు గూడ తాగుతలేడు.”

వస్తున్నామని నరేష్ అంటుండగానే కారు ఒకసారి వణికి ఆగిపోయింది. స్టార్ట్ బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మామ డప్పులు ఆపించి, కారును నెట్టమన్నాడు. ముందు ట్రాక్టరుంటే ఎటు నెడతారు? హాలు మలుపు అవతలే ఉంది, నడిచిపోదామన్నాను. మామ ఒప్పుకోలేదు. “ఎదుర్కోలు గాకుండ పెండ్లిపిలగాడు కాలు కింద పెట్టొద్దు,” అన్నాడు. ఆడపిల్లవాళ్లు ఎదురొచ్చి, దండ వేసి, అత్తరు చల్లాకే దిగాలన్నది మామ ఇంటి పద్ధతి.

నరేష్ తండ్రి ముఖం చూశాడు, గడియారం చూశాడు, తలుపు తీసి దిగేశాడు. మామ చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని, ట్రాక్టర్ల మధ్య సందులోంచి గబగబా నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను.

మలుపులో రాజన్న ఎదురయ్యాడు. కాళ్లకు చెప్పులు లేవు, చేతిలో దండ లేదు. అంతసేపూ హాలు దాకా వినిపించిన డప్పులు ఒక్కసారిగా ఆగిపోవడంతో, మేము వెనక్కి తిరిగిపోయామనుకున్నాడట. నరేష్‌ను చూసి అలాగే నిలబడిపోయాడు.

“బండి ఆగింది మామా. నేను ఆగలే,” అన్నాడు నరేష్.

రాజన్న అల్లుడి చెయ్యి అందుకున్నాడు. అదే ఎదుర్కోలు. వెనక రొప్పుతూ వచ్చిన మా మామ ఏదో అనబోయి, రాజన్న ఉత్త కాళ్లు చూసి, పక్కకు జరిగి దారిచ్చాడు. మండపంలో కన్యాదానానికి పురోహితుడు రెండుసార్లు అడిగితే గాని రాజన్న ఆ చెయ్యి వదల్లేదు.

నేను ఆ పూటంతా మీటరునే చూస్తూ కూర్చున్నాను. లీటరుకు రెండు కిలోమీటర్లు కూడా రాలేదని మిత్రుడికి ఎలా చెప్పాలా అన్నదే నా బాధ. మేము ఈలలు వేయించుకుంటూ గడిపిన ప్రతి నిమిషం అక్కడ ఒక తండ్రి ఎండలో నిలబడ్డాడని, చెప్పుల్లేని ఆ కాళ్లు చూసేదాకా నా బుర్రకెక్కలేదు. సిగ్గేసింది. మీకు చెప్పే సలహా ఒక్కటే: బరాత్‌కు పెట్రోలు దూరం చూసి కాదు, గంటలు చూసి పోయించుకోండి. ట్యాంకు నిండా ఉన్నా సరే, ఊరి మొదట్లో కాకుండా హాలు కనిపించే చోట డప్పులు మొదలుపెట్టించండి.