నలుపు దొరికింది

మెల్‌బోర్న్‌లోని ఒక ఆసుపత్రి స్కానింగు గదిలో గ్లెనిస్ రోగులకు ఊపిరి పీల్చడం నేర్పేది. పొట్టి మనిషి, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. జినాన్ గ్యాసు నింపిన లీటరు సంచిని చంటిపిల్లలా రెండు చేతులా ఎత్తుకొచ్చేది. ఆ గ్యాసు ఊపిరితిత్తుల్లో చేరినచోట బొమ్మలో వెలుగు, చేరనిచోట నలుపు. "మామూలుగా వదులు. ఇప్పుడు సంచంతా పీల్చు. బిగబట్టు!" అని, అద్దానికి ఇవతల తనూ ఊపిరి బిగబట్టేది. తోటివాళ్ళు ఎంత నవ్వినా ఆ అలవాటు మానలేదు.

ఒక మంగళవారం మెర్వ్ వచ్చాడు. బొగ్గు కరెంటు ప్లాంటులో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై రిటైరైనవాడు. గాలి చేరని పాడైన భాగమేదో కచ్చితంగా తెలిస్తేనే డాక్టర్లు అక్కడ చిన్న వాల్వు అమర్చి దాన్ని మూసేస్తారు; అప్పుడు మిగతా మంచి భాగానికి చోటు దొరికి ఆయాసం తగ్గుతుంది. సంచి అందించబోతూ గ్లెనిస్ అతని వేళ్ళలో, ఇన్‌హేలర్ మందు పీల్చినవాళ్ళకి వచ్చే సన్నటి వణుకు గమనించింది.

"ఇన్‌హేలర్ కొట్టావా మెర్వ్? వద్దని ఫోన్లో చెప్పానా లేదా?"

"కార్ పార్కులో రెండంటే రెండు సార్లే, తల్లీ. బొమ్మ బావుంటేనే కదా డాక్టర్లు వాల్వుకి ఒప్పుకునేది!"

"ఇదేమన్నా పెళ్ళిచూపుల ఫోటోనా, మహానుభావా? ఆ మందుకి గొట్టాలు తెరుచుకుని బొమ్మ బావుంటే, పాడైన చోటు తెలీక నిన్ను ఇంటికి పంపేస్తారు."

పొద్దుటినుంచి తయారుచేసిన గ్యాసు, నిలవ ఉండేదీ కాదు. అయినా సంచి మూత విప్పి గ్యాసంతా గాల్లోకి వదిలేసి, అతన్ని వచ్చే వారం రమ్మంది.

మరుసటి మంగళవారం అతను ఇన్‌హేలర్ ముట్టకుండా, ఆయాసపడుతూ వచ్చాడు. బొమ్మలో ఎడమవైపు పైభాగమంతా నల్లగా ఉంది. చూసి అతని ముఖం వాడిపోయింది. గ్లెనిస్ మాత్రం ఆ నలుపు చుట్టూ ఆప్యాయంగా వేలు తిప్పింది.

"ఇదిగో, దొరికింది! ఇంత చక్కటి నలుపు ఈ ఏడాదిలో చూళ్ళేదయ్యా."