ఫ్లెక్సీలో రెండో ఫోటో

మా పక్కింటి అక్క పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు కాలేజీ బస్సులో పోతున్నాను. తెల్లవారుజామున జ్వరం ఎక్కువైతే నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయారట. అక్కడివాళ్లు కర్నూలుకు పొమ్మన్నారట. కర్నూలు చేరకముందే అయిపోయింది. డెంగీ అన్నారు. ఫోన్ పెట్టేసి తల ఎత్తేసరికి బస్సు మా కాలేజీ మలుపు తిరుగుతోంది. ఎదురుగా పెద్ద ఫ్లెక్సీలో అక్క నవ్వుతూ ఉంది.

ఇలాంటి ఫ్లెక్సీలు మీరూ చూసే ఉంటారు. ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ప్రతి ఊరి పొలిమేరలోనూ ఒకటి ఉంటుంది. ఉద్యోగాలకు ఎంపికైన పిల్లల ఫోటోలు, ఒక్కో ఫోటో కింద కంపెనీ పేరు, జీతం. మా కాలేజీదాంట్లో పైవరసలో రెండో ఫోటో అక్కది. నూనె పెట్టి గట్టిగా దువ్విన తల, ఒంటిమీద నల్లకోటు. ఆ కోటు అక్కది కాదు. ఫోటో తీసినాయన తెచ్చిన ఒక్క కోటునే పిల్లలందరికీ వరసగా తొడిగి విప్పాడు. అక్కకు వదులైతే వెనకాల పిన్నీసు పెట్టాడు. "ముందరనుంచి చూస్తే ఆఫీసరు, ఎనకనుంచి చూస్తే దిష్టిబొమ్మ" అని తనే చెప్పి నవ్వేది.

మా వీధిలో కంప్యూటర్ సైన్సు చదివిన మొదటి మనిషి అక్క. వాళ్ల నాయనకు పరుపుల అంగడి. ఇంటి ముందరి గదే అంగడి. దూది అంటని వస్తువు ఆ ఇంట్లో లేదు. అక్క కూడా దిండ్లు కుట్టేది. కుడుతూనే నాకు పాఠాలు చెప్పేది. స్టాక్ అంటే ఏమిటో క్లాసులో ఎంత విన్నా నాకు ఎక్కలేదు. అక్క నన్ను తీసుకుపోయి, ఒకదానిమీద ఒకటి పేర్చిన పరుపుల ముందు నిలబెట్టింది.

"అడుగుదాన్ని తియ్యి మే."

"పైవి తీయకుండా ఎట్లొస్తాదక్కా?"

"అంతే స్టాక్ అంటే. పో, పోయి టీ పెట్టు."

క్యూ గురించి అడిగితే మాత్రం చేతులెత్తేసింది. "దాన్ని మన బస్టాండులో చూపించలేను. ఈడ కిటికీలోంచి టవలేసినోనిదే సీటు" అంది. నాకు కంప్యూటర్ సైన్సులో ఇవాళ ఏదన్నా నిజంగా వచ్చిందంటే అది ఆ దూది మధ్య కూర్చుని నేర్చుకున్నదే. సప్లిమెంటరీలు మిగిలిపోయిన పిల్లలు ఊరి నలుమూలల నుంచి సాయంత్రాలు వచ్చేవాళ్లు. ఎవరినీ విసుక్కునేది కాదు. ప్రోగ్రాం ఆడక ఎర్రర్ వచ్చిందని ఎవరైనా ముఖం వేలాడేస్తే ఒకటే మాట. "ఎర్రర్ వస్తే ఏడ్చొద్దప్పా. అది నీతో మాట్లాడతాండాది. ఏమీ రాకుండా నిలబడిపోయిందా, అప్పుడు ఏడ్వు."

ఆ మాట అక్క ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. కాలేజీకే కంపెనీవాళ్లు వచ్చి అక్కను ఎంపిక చేసినప్పుడు వాళ్ల నాయన వీధంతా బూందీ పంచాడు. కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. చేరే తేదీ త్వరలో చెబుతామన్నారు. ఆ త్వరలో రాలేదు. అడిగితే వచ్చే నెలన్నారు, తర్వాత పండగ అయ్యాక అన్నారు, తర్వాత బదులే ఇవ్వలేదు. నిన్ను తీసుకోవడం లేదని చెప్పినా బాగుండేది. అదీ చెప్పలేదు. దూది అంటిన వేలితో ఫోన్ పలకదని, అక్క చున్నీకి వేలు తుడుచుకుని మెయిలు చూసుకునేది. కుట్టడం, తుడుచుకోవడం, చూసుకోవడం. వేరే కంపెనీలకూ పోయింది. ఇన్నాళ్లు ఖాళీగా ఎందుకున్నావని వాళ్లు అడిగారు.

ఇటు ఉద్యోగం లేదు, అటు ఫ్లెక్సీ దిగలేదు. ప్రతి వేసవిలో అడ్మిషన్ల ముందు పాతది తీసి కొత్తది కట్టేవాళ్లు. కొన్ని ముఖాలు మారేవి, అక్క ముఖం మారేది కాదు. బాగా వచ్చిందట ఆ ఫోటో. వీధిలో వాళ్లు "ఇంగా పోలేదా పాపా, లీవులో వచ్చినావా?" అని అడిగేవాళ్లు. ఒకసారి మేమిద్దరం బనగానపల్లెకు పెళ్లికి పోతే, పాత ఫ్లెక్సీ ఒకటి మామిడికాయల బండికి పందిరిగా కనబడింది. అక్క ముఖం మీద సూర్యుడు మండుతున్నాడు. బండివాడు కింద హాయిగా కునుకు తీస్తున్నాడు. "పోనీలే, ఎవరికో ఒకరికి నీడన్నా ఇస్తాండా" అంది. ఆ పెళ్లిలో అక్క సరిగా అన్నం తినలేదు.

నా ఇంటర్ అయ్యాక మా నాయన నన్ను ఆ కాలేజీలోనే చేర్చడానికి కారణం కూడా ఆ ఫ్లెక్సీయే. అక్క మా ఇంటికి వచ్చి మరీ చెప్పింది. "చిన్నాయనా, నా మొగం చూసి చేర్చొద్దు. పోయి ల్యాబ్ చూసి చేర్చు."

"నువ్వు సెలెక్టయినావు కదమ్మా, ఇంగేం గావాల?" అన్నాడు నాయన. అక్క టీ తాగి పోయింది.

నేను చేరిన ఏడాది ఒకరోజు, నన్ను వెంటబెట్టుకుని కాలేజీ ఆఫీసుకు పోయింది. ఉద్యోగాల వ్యవహారం చూసే సారు కుర్చీలు చూపించాడు.

"సార్, నా ఫోటో తీసేయండి. నేను యాడా చేరలేదు. నన్ను చూసి పిల్లోళ్లు చేరతాండారు."

"ఏమ్మా, నీకు ఆఫర్ వచ్చినమాట అబద్ధమా?"

"వచ్చింది సార్."

"మేం రాసిందీ అదే కదా. చేరిందని యాడన్నా రాసినామా? చదువుకున్నదానివి, చూపించు."

ఆయన టీ తెప్పించాడు. కోప్పడలేదు, కసురుకోలేదు. కసిరినా బాగుండేది. బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు అక్క ఫ్లెక్సీ వైపు చూసి, "కండిషన్ కరెక్టే అంట మే. అవుట్‌పుటే రాలేదు" అంది. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. ఆయన మీద ఆ రోజు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

ఈ ఏడాది నేనూ ఎంపికయ్యాను. సంతోషంగా పోయి చెబితే అక్క సూది ఆపలేదు.

"చేరే తేదీ ఇచ్చినారా?"

"లేదక్కా. త్వరలో అన్నారు."

కుట్టు చివరిదాకా కుట్టింది. దారం పంటితో కొరికింది. "ఫోటో ఇయ్యొద్దు మే" అంది. లోపలికి పోయి నాకు చక్కెర తెచ్చి నోట్లో పెట్టింది. నేను ఫోటో ఇవ్వలేదు. కాలేజీవాళ్లు రెండుసార్లు అడిగితే, తీయించుకోవాలి సార్ అని దాటవేశాను.

అక్కను మట్టిచేసి వచ్చిన తర్వాత కొన్నాళ్లకు వాళ్ల నాయన నన్ను అడిగాడు, కాలేజీకి తోడు రమ్మని. అదే గది, అదే సారు. ఆయన కూర్చోమంటే పెద్దాయన కూర్చోలేదు.

"పాప లేదు సార్. వాళ్లమ్మ నంద్యాల బస్సు ఎక్కాలంటే ఏడుస్తాంది. ఆ మలుపు వస్తే కండ్లు మూసుకుంటాంది. తీసేయండి సార్."

సారు లేచి నిలబడ్డాడు. నిజంగానే ఆయనకు తెలియదు. "అయ్యో, ఎంత పనైంది పెద్దాయనా! రేపే తీపిస్తా" అన్నాడు. పెద్దాయన చేతులు జోడించాడు. బతికుండి అక్క అడిగితే జరగని పని, పోయాక ఒక్కమాటతో జరిగింది. అది చూసి ఏడవాలో ఏం చేయాలో నాకు తెలియలేదు.

సారు మాట తప్పలేదు. మరుసటి రోజు బస్సు మలుపు తిరిగినప్పుడు రెండో ఫోటోలో అక్క లేదు. నేను ఉన్నాను. నా గుర్తింపు కార్డులోని ముఖం తీసుకుని, కింద కంప్యూటర్‌లో నల్లకోటు తగిలించారు. నేను ఎన్నడూ తొడగని కోటు. ముఖం కింద కంపెనీ పేరు, జీతం. తీసేయమని నేనూ అడిగాను. ఆఫర్ వచ్చినమాట అబద్ధమా అని అడిగాడు సారు. మా నాయన మాత్రం బస్సు దిగి మరీ దాని ముందు నిలబడి చూసుకుని వచ్చాడు.

కంపెనీ నుంచి నాకు ఇంకా ఏ కబురూ లేదు. దిండు కుట్టడం నాకు రాదు గానీ, వేలు చున్నీకి తుడుచుకుని ఫోన్ చూసుకోవడం అలవాటైంది.

వాళ్లు కొత్త ఫ్లెక్సీ కొట్టించలేదు. అక్క ఫోటో మీదనే నాది అతికించారు. కింది మూల సరిగా అంటలేదు. లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి మూల లేస్తుంది. నా కోటు భుజం పక్కకు పోయి, కింద అక్క కోటు భుజం బయటపడుతుంది.