వేటకెళ్తే వచ్చే పంటినొప్పి

2001 జనవరిలో నాకు విశాఖపట్నంలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రికి బదిలీ అయింది. హోదా డెంటల్ అసిస్టెంట్ సర్జన్. పేరు ఘనంగానే ఉంటుంది గాని, మిగతా డాక్టర్ల లెక్కలో మేము చివరివాళ్లం. క్యాజువాలిటీలో కూర్చునే నిన్నమొన్నటి ఎంబీబీఎస్ కూడా పళ్ల డాక్టరంటే సగం డాక్టరనే చూసేవాడు. నాకు ముందే ముక్కుమీద కోపం. నా పనిలో ఎవరూ వేలెత్తి చూపకూడదని పంతం కూడా ఉండేది. ఇప్పుడు చెప్పబోయే విషయంలో నా చేత తప్పు చేయించింది కొంతవరకు ఆ పంతమే.

మా విభాగం రెండో అంతస్తులో ఉండేది. లిఫ్టు లేదు. ఒక కుర్చీ, ఒక స్టాఫ్ నర్సు, ఒక అటెండరు. పొద్దున తొమ్మిదికల్లా జనం వరండా నిండి మెట్ల దాకా నిలబడేవారు. అంతమందికి ఒక్కో పన్ను తీయాలంటే ఒక పద్ధతి ఉండాలి. నలుగురికి వరసగా మత్తు ఇంజెక్షన్ ఇచ్చి బయట బెంచీ మీద కూర్చోబెట్టేదాన్ని. మొదటివాడి పెదవి మొద్దుబారేసరికి నాలుగోవాడికి సూది పూర్తయ్యేది. అప్పుడు ఒక్కొక్కరినే పిలిచి పన్ను తీసేదాన్ని. ప్రభుత్వ ఆస్పత్రుల్లో చాలామందిమి అలాగే చేసేవాళ్లం.

నూకరాజు మొదటిసారి వచ్చింది ఫిబ్రవరిలో. ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లే ఒక మరబోటులో కళాసీ, అంటే వల వేసి తాడు లాగే మనిషి. యాభై నిండి ఉండవు. దిట్టమైన ఒళ్లు. కింద ఎడమ దవడలో పన్ను నొప్పి, రెండు నెలలుగా వస్తోంది, పోతోంది అన్నాడు. ఎప్పుడొస్తుందని అడిగాను.

“వేటకెల్తే వత్తాదమ్మా. ఒడ్డుకొచ్చి తొంగుంటే పోతాది. ఇక్కడ కూకున్నంతసేపూ ఏటీ నేదు.”

“సముద్రం మీద చల్లగాలి తగిలితే జివ్వుమంటుందా?”

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. “ఆఁ, గాలికే గావాల” అన్నాడు. నేను చీటీ మీద ‘చల్లగాలికి నొప్పి’ అని రాసుకున్నాను.

నోరు తెరిపిస్తే కారణం కళ్లెదుటే కనిపించింది. చిరిగిన వల బాగుచేసేటప్పుడు వీళ్లు నైలాను దారాన్ని పంటితో బిగబట్టి, పంటితోనే తెంపుతారు. ఏళ్ల తరబడి అలా చేస్తే పన్ను మీద గాడి పడుతుంది. అతని ఎడమ దవడలో మొదటి పెద్ద పన్ను మీద అలాంటి గాడి లోతుగానే ఉంది. పన్ను లోపల జబ్బుంటే నోట్లో పెట్టి చూసే అద్దం పిడితో మెల్లగా తట్టినా రోగి ఉలిక్కిపడతాడు. నూకరాజు కదల్లేదు. చన్నీళ్లు పోస్తే మాత్రం కొంచెం మొహం చిట్లించాడు. నాకు అది చాలనిపించింది. గాడిలో సిమెంటు నింపి, ఇక దారం పంటితో తెంపొద్దని చీవాట్లు పెట్టి పంపాను.

మార్చిలో మళ్లీ వచ్చాడు. అదే నొప్పి, అదే చోట. ఎక్స్‌రే తీయిస్తే పన్ను శుభ్రంగా ఉంది. పన్నులో సన్నని పగులుంటే ఎక్స్‌రేలో కనబడదు. అదే అయి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నరం తీసి పన్ను నిలబెట్టే వైద్యానికి మూడు నాలుగుసార్లు రావాలి. బోటు ఒకసారి వెళ్తే వారం దాకా తిరిగి రాదు. “పీకీండమ్మా, పీడా పోతాది” అన్నాడు. ఏప్రిల్ రెండో వారంలో పీకేశాను. పన్ను నిండుగా వచ్చింది. దాని వేళ్ల చివర చీము తిత్తి లేదు. పగులూ లేదు. ట్రేలో ఉన్న ఆ పన్నును రెండుసార్లు తిప్పి చూశాను. కాని వరండాలో జనం ఉన్నారు, తర్వాతి మనిషిని పిలిచాను.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని మే చివరి దాకా మరబోట్లను సముద్రంలోకి పోనివ్వరు. మేలో నూకరాజు పనిగట్టుకుని వచ్చి, ఒక్కసారి కూడా నొప్పి రాలేదని, నా చెయ్యి మంచిదని చెప్పి వెళ్లాడు. నేను పొంగిపోయాను. ఆ రోజు ఇంట్లో కూడా చెప్పుకున్నాను. అతను నెలరోజులుగా తాడు ముట్టుకోలేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

జూన్ రెండో వారంలో ఒక వానరోజు మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. ఈసారి భార్య పోలమ్మ కూడా వచ్చింది గాని, ఆమెకు మోకాళ్ల నొప్పులు, కింద ఓపీ చీటీల కిటికీ దగ్గరే కూర్చుండిపోయింది. పన్ను తీసిన ఖాళీలో వేలు పెట్టి, అక్కడే నొప్పి అన్నాడు. లేని పన్ను ఎలా నొప్పెడుతుందయ్యా అని విసుక్కున్నాను. పక్క పన్ను మీద కూడా దారం గాడి ఉంది. అయితే ఇదే అసలు దొంగ అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే బోటు వెళ్తుందని, ఈలోగా ఆ పన్ను తీసెయ్యమని అతను బతిమాలాడు. నేను కూడా మరో ఆలోచన చెయ్యలేదు. దవడ ఎముక లోపలి వైపు నరం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి బెంచీ మీద కూర్చోమన్నాను. ఈ మందు పడితే దవడలో ఆ పక్కన, కింది పెదవిలో సగం పూర్తిగా మొద్దుబారతాయి. మందు ఎక్కువసేపు నిలవడానికి అందులో ఎడ్రినలిన్ కలిపి ఉంటుంది. గుండె వేగాన్ని పెంచే గుణం దానికుంది.

అతని వంతు వచ్చేసరికి, ఒప్పుకోలు కాగితం మీద ఇంటివాళ్ల వేలిముద్ర లేదని నర్సు పట్టుకుంది. అటెండరు ఏదో పని మీద స్టోరుకు వెళ్లాడు. నూకరాజు తనే లేచి, పోలమ్మను తీసుకొస్తానని కిందికి దిగాడు. నేను వద్దనలేదు. ఇంకో మనిషి పన్ను తీస్తూ ఉన్నాను.

భార్యను వెనకే వదిలేసి, రెండు అంతస్తులూ గబగబా ఎక్కి వచ్చాడు. గుమ్మం పట్టుకుని నిలబడి, అరచెయ్యి ఎడమ దవడకు అదిమిపెట్టుకున్నాడు.

“పెదవి మొద్దుబారిందా?” అన్నాను.

“పెదివి ఉందో నేదో తెల్డం నేదమ్మా. నొప్పి మాత్రం వచ్చీసింది.”

కుర్చీలో ఉన్న మనిషి పన్ను అప్పుడే వచ్చింది, పన్ను పీకే ఫోర్సెప్స్ ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని ట్రేలో పెట్టేశాను. సూది మొనతో అతని చిగురు గుచ్చి చూశాను. తెలియడం లేదన్నాడు. గట్టిగా గుచ్చాను, రక్తం చుక్క కనిపించింది, అతనికి తెలియలేదు. చచ్చుబడిన దవడలో పన్ను నొప్పెట్టడం జరగదు. నొప్పి వేరే చోటి నుంచి వచ్చి దవడలో తెలుస్తోందన్న మాట. అప్పుడు మొహంలోకి సరిగ్గా చూశాను. వానగాలిలో, ఫ్యాను కింద, అతని నుదుటి నిండా చెమట. గుండె నొప్పి కొందరికి ఎడమ దవడలో తెలుస్తుందని చదువుకున్నది అప్పుడు గుర్తొచ్చింది.

ఆ మనిషిని లేపి, నూకరాజును కుర్చీలో కూర్చోబెట్టి నాడి పట్టుకున్నాను. పరిగెడుతోంది. ఎడ్రినలిన్ ఉన్న సూది నేనే వేశాను, వేసి మెట్లు ఎక్కించాను. నర్సును పరుగున క్యాజువాలిటీకి పంపి, నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర తీసుకుని డ్యూటీ డాక్టరును రమ్మని చెప్పమన్నాను. “గుండెల్లో ఏమైనా ఉందా?” అని నూకరాజును అడిగాను. “అది అలుపమ్మా” అన్నాడు.

డ్యూటీ డాక్టరు నా కంటే పదేళ్లు చిన్నవాడు. పంటి నొప్పికి గుండె మాత్ర ఏమిటి మేడమ్ అన్నాడు. మత్తెక్కిన దవడలో పన్ను ఎలా నొప్పెడుతుందో మీరే చెప్పండి అని అరిచాను. బెంచీ మీదివాళ్లంతా తొంగి చూశారు. అతను నూకరాజు నాలుక కింద మాత్ర పెట్టాడు. రెండు మూడు నిమిషాల్లో నొప్పి పోయింది. కూర్చున్నాడు కాబట్టి పోయి ఉండొచ్చు అన్నాడు డాక్టరు. అది కూడా నిజమే.

నూకరాజును నడిపించడానికి నేను ఒప్పుకోలేదు. “నానేటి సచ్చిపోయీవోడినా?” అని గింజుకుంటున్నా వినకుండా, స్టోరు నుంచి వచ్చిన అటెండరు, ఇంకో ఇద్దరు కలిసి ఒక చెక్క కుర్చీలోకి మార్చి మోసుకుని దించారు. మెట్ల మలుపు దగ్గర కుర్చీ ఒరిగినప్పుడల్లా నా ప్రాణం పోయింది. కింద ఇసిజి తీశారు. గీతలు మామూలుగానే ఉన్నాయి. నొప్పి లేని సమయంలో తీస్తే అలా ఉండటం కద్దు. కాని మామూలు ఇసిజి చేతిలో పెట్టుకుని వార్డులో చేర్చుకోమంటే ఎవరు వింటారు? దానికి సివిల్ సర్జన్, అంటే జనరల్ మెడిసిన్ పెద్ద డాక్టరు, సంతకం చేయాలి.

ఈలోగా నూకరాజు లుంగీ సర్దుకుని లేచాడు. పన్ను తీయకపోతే పోనివ్వండి, రేపు తను వెళ్లకపోతే సరంగు ఇంకొకడిని ఎక్కించుకుంటాడు, పోయిన చోటు మళ్లీ రాదు అన్నాడు. బోటు నడిపేవాణ్ణి సరంగు అంటారు, కళాసీల్ని ఉంచడం తీసెయ్యడం ఆయన ఇష్టం. తలుపు వైపు నడుస్తున్నవాడికి పోలమ్మ అడ్డం వెళ్లి నిలబడింది.

“సెప్పీ మావా. ఇంకా ఎన్నాల్లు దాత్తావు?” అని, నా వైపు తిరిగింది. “తాడు లాగితే గుండెల మీద బండెట్టినట్టు ఉంటాదంటమ్మా. ఆ తరవాతే పంటిలోకి ఎక్కుతాదంట. పోయిన పాలి బోటులోనే కూలబడిపోనాడు. పన్ను నొప్పని బొంకినాడు సరంగుతోటి. గుండె నొప్పంటే ఎవులు ఎక్కించుకుంతారమ్మా?”

అంటే అతను నాకు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. ఆ సగానికి చల్లగాలి అని పేరు పెట్టింది నేను.

పెద్ద డాక్టరుకు చూపించాలంటే కాగితం సరిగ్గా ఉండాలి. పాత చీటీలో ఫిబ్రవరి నుంచి నా రాతలే ఉన్నాయి. సిమెంటు పెట్టింది, పన్ను పీకింది, అన్నీ. డ్యూటీ డాక్టరు గొంతు తగ్గించి, ఇవాళ్టి తేదీతో కొత్త చీటీ రాసేయండి మేడమ్, ఏప్రిల్ సంగతి ఇప్పుడెందుకు అన్నాడు. నా మంచి కోరే అన్నాడు. ఖాళీ చీటీ చేతిలోకి తీసుకున్నాను కూడా. జబ్బులేని పన్ను పీకానని సంతకం పెట్టి ఇస్తే, ఆ పంతం, ఆ పరువు ఏమవుతాయో నాకు తెలుసు. నూకరాజు బల్ల అంచున కూర్చుని తలుపు వంక చూస్తున్నాడు. ఇంకో పావుగంట ఆలస్యమైతే వెళ్లిపోతాడు. వెళ్తే తెల్లారేసరికి సముద్రం మీద తాడు లాగుతూ ఉంటాడు.

పాత చీటీ వెనక రాశాను. ‘ఏప్రిల్‌లో ఎడమ కింది మొదటి పెద్ద పన్ను తీశాను. తీసిన పన్నులో జబ్బు లేదు. నా నిర్ధారణ తప్పు. వేట లేని రోజుల్లో నొప్పి రాలేదు. వేట మొదలయ్యాక అదే చోట మళ్లీ వచ్చింది. ఈ రోజు దవడ పూర్తిగా మత్తులో ఉండగా, మెట్లెక్కాక వచ్చింది.’ కింద సంతకం, హోదా ముద్ర.

సివిల్ సర్జన్ రెండుసార్లు చదివాడు. “పన్ను లేని చోట, మత్తులో కూడా అదే నొప్పి?” అని ఒక్కటే అడిగాడు. అవునన్నాను. ఇసిజి వంక మళ్లీ చూడకుండా అడ్మిషన్ కాగితం మీద సంతకం చేశాడు. ఆ మధ్యాహ్నం వార్డులో మంచం దిగి బాత్‌రూమ్ దాకా నడిచినందుకే నొప్పి వచ్చింది. అప్పుడు తీసిన ఇసిజిలో గీత కిందికి దిగి ఉంది. మర్నాడు గుండె జబ్బుల విభాగం ఉన్న పెద్ద ఆస్పత్రికి పంపారు. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో రెండు దాదాపు మూసుకుపోయి ఉన్నాయట. ఆపరేషన్ అయింది. బతికాడు.

డిసెంబరులో ఒకసారి మెట్లెక్కి వచ్చాడు, మధ్యలో ఆగకుండా. బోటు పని పోయింది. జెట్టీ మీద చేపలు వేలం వేసే చోట కూర్చుంటున్నానని చెప్పాడు. ఆ పని గురించి మాట్లాడుతుంటే మొహంలో సంతోషం లేదు. లేవబోతూ, “ఆ పీకిన పన్ను మంచిదేనంట గదమ్మా?” అన్నాడు. మంచిదే, తప్పు నాదే అన్నాను. అతను కోప్పడితే బాగుండుననిపించింది. “మీరు గాలికా అన్నారు, నాను ఆఁ అనీసినాను” అన్నాడంతే.

ఆ తర్వాత పదహారేళ్లు సర్వీసు చేశాను. అప్పటి నుంచి పని మార్చుకున్నది రెండు విషయాల్లో. తట్టినా ఎక్స్‌రే తీసినా జబ్బు కనిపించని పన్ను జోలికి, రోగి ఎంత బతిమాలినా వెళ్లలేదు. ఇక నొప్పి ఎప్పుడొస్తుందని అడిగాక, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. వరండాలో ఎంతమంది ఉన్నా సరే. డాక్టరు ఏది అందిస్తే దానికి ఆఁ అనే జనం మా దగ్గరకు వచ్చేది. ఫిబ్రవరిలో ఆ రోజు నూకరాజుకు గాలి మాట అందించకుండా ఒక్క క్షణం నేను ఆగి ఉంటే, తాడు లాగినప్పుడు అని అతనే చెప్పేవాడు.