ఉసిరి రసం, ఇంజెక్షను

2009 చలికాలంలో మా ఆయనకు ఎముక మూలుగలో క్యాన్సరని తేలింది. వారానికి రెండుసార్లు రేపల్లె నుంచి పాసింజరు బండిలో తెనాలి వెళ్ళి ఇంజెక్షను చేయించుకొచ్చేవాళ్ళం. ఇంజెక్షను ఉన్న రోజు పొద్దున్నే ఆయన చేత గ్లాసుడు ఉసిరి రసం తాగించేదాన్ని. బాపట్లలో మా చెల్లెలి పెరట్లో ఊరికే రాలిపోయే కాయలవి. అంత ఖరీదు మందు వంటబట్టాలంటే ఒంట్లో సత్తువ ఉండాలని నా నమ్మకం.

రెండో వారం, బాపట్లలో ఫార్మసీ చదువుకునే మా మనవరాలు వచ్చింది. ఈ మందేం చేస్తుందని అడిగాను.

"బట్టలుతికే ఆవిడ ఎవరి బట్టలో తెలియడానికి నల్లజీడి రసంతో గుర్తు పెడుతుంది చూడు అమ్మమ్మా, కణంలోనూ అంతే. పెద్ద ప్రోటీనుకి చిన్న ప్రోటీనొకటి అతుక్కుంటుంది. అదే గుర్తు. దాన్నిబట్టే ఏది ఎక్కడికి పోవాలో, ఏది పని మానాలో, ఏది తిరగల్లో పడాలో తేలుతుంది."

"తిరగలేంటే?"

"పాడైనవాటిని పిండి చేసేది. తాతయ్య మందు దాన్ని ఆపేస్తుంది. గుర్తు పడ్డ చెత్తంతా పేరుకుపోయి క్యాన్సరు కణం చస్తుంది."

మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి, సీసా పట్టుకొచ్చింది.

"ఇదేంటి?"

"ఉసిరి రసమే. తాతయ్యకి ఇంజెక్షను రోజున ఇస్తా."

దాని మొహం మారింది. "ఉసిరిలో విటమిన్ సి ఎక్కువ. అది ఈ మందుకి అంటుకుని పని చెయ్యనివ్వకపోవచ్చని మా సార్ చెప్పారు. ఎన్నిసార్లు ఇచ్చావు?"

"అన్నిసార్లూ."

ఆ పొద్దున కూడా ఇచ్చాను. బండికి ఇంకో గంటే ఉంది.

"డాక్టరుగారికి నువ్వు ఫోన్ చేసి చెప్పు," అన్నాను.

"ఇచ్చింది నువ్వు. నువ్వే చెప్పు."

బండిలో ఆయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. నేను తెనాలి దాకా డాక్టరుగారికి ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

నేను చెప్పిందంతా విని డాక్టరు కలం కింద పెట్టారు. "ఎందుకు దాచారమ్మా?"

"మీరు అడగలేదండి."

"మొదటి రోజే అడిగాను. ఇంకేమీ ఇవ్వట్లేదన్నారు."

నిజమే. ఇంట్లో తినే కాయ కూడా లెక్కలోకొస్తుందనుకోలేదు.

"వగరుగా ఉందంటే కసిరి తాగించిందండి," అన్నారు మా ఆయన.

ఆ రోజు ఇంజెక్షను చెయ్యలేదు. రసం మానేసి రెండు రోజులాగి రమ్మన్నారు.

నెల తరవాత రక్తపరీక్ష కాగితం డాక్టరు చేతిలో ఉంటే నేను కుర్చీ అంచున కూర్చున్నాను.

"తగ్గిందమ్మా. అనుకున్నంత కాదు."

"ఆ రసం పోయకపోతే ఇంకా తగ్గేదాండి?"

"అది నేను చెప్పలేనమ్మా."

కాగితం మడిచి ఇచ్చారు. నేను దాన్ని మళ్ళీ విప్పి చూస్తూ కూర్చున్నాను.

"పదవే, బండి టైమైంది," అని మా ఆయనే నా చెయ్యి పట్టుకుని లేపారు.