ఎర్రయ్య కూర్చునే మొద్దు

నేను దయ్యాల్ని నమ్మను. పోర్టులో గుమాస్తాగా చేరిన నాటికే నమ్మేవాణ్ణి కాదు, ఇప్పుడూ నమ్మను. వన్ టౌన్ సందుల్లో బల్ల మీద నిలబడి, నాలుక మీద కర్పూరం వెలిగించి, స్వాములు విభూతి ఎక్కడ దాస్తారో జనానికి చూపించినవాణ్ణి. రుజువు చూపించు, లేదా నోరు మూసుకో అని సభల్లో నిలదీసినవాణ్ణి. అలాంటి నేను ఒక రుజువును పదేళ్లు దాచాను. ఆ సంగతి ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివరి మాట. పోర్టులో సరుకులెత్తే విన్చి నడిపే సన్యాసి నాకు మంచి స్నేహితుడు. వాళ్లది అనకాపల్లి అవతల, ఒక ఆవ ఒడ్డునున్న పల్లె. ఆవ అంటే కొండల నీళ్లు చేరి ఏర్పడిన సరస్సు. ఎటు చూసినా తామరాకులే. అక్కడి పడవను దోనె అంటారు. రెండు తాటి మొద్దుల్ని తొలిచి, పక్కపక్కన పెట్టి కడతారు. ఒక మొద్దులో గాలం వేసేవాడు కూర్చుంటాడు. రెండోదాని వెనక కొసన ఒకడు నిలబడి గెడ వేసి నడుపుతాడు.

వాలుగ చేప వేటలో దోనె మీద మాటలుండవు. మనిషి గొంతు వింటే వాలుగ అడుక్కి పోతుందంటారు. అందుకని గాలం పట్టినవాడు మొద్దు లోపలి గోడ మీద వేలి కణుపులతో కొడతాడు. ఒక దెబ్బ అయితే పోనియ్యమని, రెండు దెబ్బలయితే ఆపమని. వెనకవాడు ఏమీ అడగడు. చెవిన పడగానే చేసేస్తాడు.

సన్యాసి అన్న ఎర్రయ్య ఆ వేటలో పేరు మోసినవాడు. ఒకరోజు ఒంటరిగా వెళ్లి, తామర తీగల్లో చిక్కుకుని మునిగిపోయాడు. నీళ్లలో పోయినవాడు కూర్చునే మొద్దును విప్పి ఆవలో ముంచెయ్యడం ఆ ఊరి కట్టుబాటు. ముంచకపోతే వాడు తన చోటు వెతుక్కుంటూ వస్తాడట. కాని మిగిలిన ఒంటి మొద్దు దేనికీ పనికిరాదు. మనిషెక్కితే బోర్లా పడుతుంది. ఎర్రయ్య భార్య పైడమ్మ ముంచనివ్వనంది. దోనె తానే నడుపుకుంటానంది. ఆమెకూ ఇద్దరు పిల్లలకూ అదొక్కటే ఆధారం. ఊరు ఒప్పుకోలేదు. మూడు నెలలుగా దోనె ఒడ్డున ఎండుతోంది.

సంగతి విన్నాక వచ్చిన ఆదివారమే, తెల్లవారుజామున నేను సన్యాసితో బస్సెక్కాను. ఆ ఇంటి దుఃఖం నాకు సరిగ్గా కనపడనే లేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. నేనొక సభకు వెళుతున్నట్టే వెళ్లాను.

ఒడ్డున గంటసేపు వాదించాను. చచ్చినవాడి చోటు కోసం బతికున్నవాళ్ల కూడు ముంచుతారా అని అడిగాను. వచ్చినవాణ్ణి చూసినవాడు ఒక్కడైనా ఉంటే ముందుకు రమ్మన్నాను. ఎవరూ రాలేదు. ఆ మొద్దులో నేనే కూర్చుంటానన్నాను. ఊరి పెద్ద, డెబ్బై ఏళ్ల నాయుడు, నోట్లో చుట్ట తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"కూకో బాబూ. పొద్దు నడినెత్తికి వచ్చీలోగా వాలుగని తెత్తే దోనె పైడమ్మది. ఉత్త సేతుల్తో వత్తే, ఆ మొద్దు నువ్వే ముంచాల."

పైడమ్మ గాలం తాడు చుట్ట తెచ్చి నా చేతుల్లో పెట్టింది. బేగి లాగొద్దని, పిల్లల అయ్య నెమ్మదిగా లాగేవాడని చెప్పి పక్కకు జరిగింది.

మొద్దులో కూర్చున్నాక నా కుడి మోకాలి దగ్గర గోడ మీద నున్నగా అరిగిన గుంట ఒకటి కనపడింది. ఏళ్ల తరబడి కణుపులు తగిలిన చోటు. అందులో వేళ్లు పెట్టి చూసి, వెంటనే తీసేశాను.

గాలానికి కప్పను గుచ్చి వదిలాం. గంట గడిచింది, రెండో గంటా గడిచింది. జానెడు మార్పు చేపలు రెండు పడ్డాయి. వాటికి కూడా మీసాలున్నాయి, కాని వాలుగ మీసం లేకపోతే ఒడ్డున నాకు తలవంపులే. ఎండ ముదురుతోంది. సన్యాసి వంగి గుసగుసగా, "నీ ఉపన్యాసం ఇని సేపలన్నీ అనకాపల్లి ఎల్లిపోనాయి బావా," అన్నాడు.

అప్పుడు తాడు కదిలింది.

కదిలింది అనడం తక్కువ. అరచేతుల్ని కోసుకుంటూ బారలకు బారలు జారిపోయింది. నేను ఒక్క దెబ్బ కొట్టి, వెంటనే రెండు చేతులతో తాడు పట్టుకున్నాను. సన్యాసి గెడ ఊపందుకుంది. ముందు ఎక్కడో నీళ్లు చీలి, తెల్లటి కడుపొకటి మెరిసి మాయమైంది. నా జన్మలో అంత సంతోషం ఎరగను. కట్టుబాట్లు, వాదాలు, పైడమ్మ, అన్నీ మరిచిపోయాను. చేప తామరల వైపు పారిపోతోంది, మేం దాని వెనకే దూసుకుపోతున్నాం. ఇంకా పోనియ్, ఇంకా పోనియ్ అని లోపల అరుస్తున్నాను.

సరిగ్గా అప్పుడు నా కుడి మోకాలి దగ్గర టక్, టక్ మని రెండు దెబ్బలు వినపడ్డాయి.

సన్యాసి గెడను బురదలో దిగ్గొట్టాడు. దోనె కుదుపుతో ఆగింది. ఎందుకు ఆపావని తిట్టబోయి తల తిప్పేలోగా, ఆగిన దోనెకు తాడు బిగిసి చేప తల ఇటు తిరిగింది. దానికి తామరలు ఇంక రెండు బారల దూరమే. మేం ఆగకుండా ఉంటే తీగల్లో దూరి, తాడు తెంపుకుని పోయేదే. తిరిగిన చేపను నెమ్మదిగా, చాలా నెమ్మదిగా లాగాను. సన్యాసి చేతికి తువ్వాలు చుట్టుకుని, మొప్పల్లోకి దూర్చి పైకెత్తాడు. నా నడుము దాటిన పొడవు. మీసాలు వణుకుతున్నాయి.

సన్యాసి రొప్పుతూ నా వైపు చూశాడు. "రెండు కొట్టింది నువ్వే కదేటి బావా?"

తాడు ఇంకా నా రెండు అరచేతులకూ చుట్టుకునే ఉంది. ఒడ్డు వైపు చూశాను. పైడమ్మ మోకాటిలోతు నీళ్లలో నిలబడి ఉంది.

"నేనే," అన్నాను.

ఒడ్డున ఈలలు, కేకలు. నాయుడు మాట తప్పలేదు. ఎర్రయ్య నిజంగా ఉంటే తన చోట పరాయివాణ్ణి కూర్చోనిచ్చేవాడా అని ఊరివాళ్లకు ఆయనే చెప్పాడు. నా వాదం నాకన్నా బాగా చెప్పాడు. బస్సులో చేపవాసన వేస్తూ, తాగినవాడిలా ఊగుతూ విశాఖ చేరాను. ఆ రాత్రి నిద్రలో కాదు, మర్నాడు ఆఫీసులో ఫైలు విప్పుతుండగా ఆ రెండు దెబ్బలు గుర్తొచ్చి, బల్ల మీద కణుపులతో కొట్టి చూశాను.

మళ్లీ ఆదివారం ఏదో సాకు చెప్పి వెళ్లి, అదే చోట కూర్చుని పరీక్షించాను. బయట నుంచి మొద్దుకు ఏది తగిలినా, గెడ కానీ తామర దుంప కానీ, మోత మందంగా ఉంది. లోపల కణుపులతో కొడితేనే ఆ పొడి శబ్దం. చేప తోక అందామంటే చేప అప్పుడు పది బారల దూరంలో ఉంది. ఎండకు చెక్క చిట్లిందేమోనని వేలితో తడిమి చూశాను. ఎక్కడా పగులు లేదు. సన్యాసి చేతులు గెడ మీద ఉన్నాయి. నేనే కొట్టి మరిచిపోయానా? రెండు అరచేతుల మీదా తాడు కోతలు సమానంగా ఉన్నాయి, ఏ చెయ్యీ తాడు వదల్లేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊరు ఆ మొద్దు ముంచేస్తుంది. పైడమ్మ ఆ దోనె మీదే పిల్లల్ని పెంచింది.

కొడుకు స్టీల్ ప్లాంటులో చేరాక ఆమె వేట మానేసింది. దోనె పుచ్చిపోయింది. ఆ కబురు సన్యాసి చెప్పిన రోజున పోర్టు గేటు బయట టీ తాగుతున్నాం. అతను గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"ఆ దినం నీ సేతులు రెండూ తాడు మీదే ఉన్నాయి బావా. నాను సూసేను."

"మరి అప్పుడెందుకు అనలేదు?"

"నువ్వెందుకు అనలేదో నానూ అందుకే."

మేమిద్దరం ఆ తర్వాత దాని గురించి మాట్లాడుకోలేదు. దయ్యం లేదని ఒక ఊరికి రుజువు చేసిన చేప అది. అది నా గాలానికే పడింది, కాని పట్టింది నేను కాదు. ఇప్పుడు ముంచడానికి దోనె లేదు కనుక రాస్తున్నాను. ఆ రెండు దెబ్బలు నేను కొట్టలేదు. సన్యాసి కొట్టలేదు. దోనెలో మూడో మనిషి లేడు. నాకు తెలిసింది ఇంతే.