గడియ పడని తలుపు

మా ఆయనకి ఒక పాత ఇంగ్లీషు సినిమా అంటే పిచ్చి. తెలుగు డబ్బింగుతో టీవీలో ఎప్పుడొచ్చినా వదలరు. ఏదో పెద్ద పట్నం, అందులో ఒక బ్యాంకు. తుపాకీతో దొంగ లోపలికొచ్చి ఉన్నవాళ్ళందరినీ నేల మీద కూర్చోబెడతాడు. బయట పోలీసులు మైకు పట్టుకుని సాయంత్రం దాకా బతిమాలుతుంటారు. పదిసార్లు చూసిందే అయినా ఆయన సోఫా అంచున కూర్చుని కళ్ళార్పకుండా చూస్తారు. నేను పక్కన చింతపండు పిక్కలు తీస్తూ సణుగుతుంటాను.

"అంతమంది ఉన్నారు, వాడొక్కడు. బొమ్మల్లా కూర్చుంటారేంటండీ? తలుపు అక్కడే కనబడుతోందిగా."

"నీకు కనబడుతోంది. కూర్చున్నవాళ్ళకి కనబడదే," అనేవారు.

నేను నమ్మేదాన్ని కాదు. నాకు అనుమానం ఎక్కువే, ఒప్పుకుంటాను. భీమవరంలో కాపురం పెట్టిన దగ్గర్నుంచి పాలవాడి కొలత మొదలు గ్యాస్ బండ బరువు దాకా దేన్నీ ఊరికే ఇంట్లోకి రానివ్వలేదు.

మొన్న వర్షాలకి ముందు ఒక మంగళవారం ఆయన చెరువుల దగ్గరికి వెళ్ళలేదు. మాకు రొయ్యల చెరువులున్నాయి. పొద్దున్న ఆరింటికల్లా బండి తీసే మనిషి, ఆ రోజు తొమ్మిదింటికి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చివరి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మా ఇంట్లో పగటిపూట గది తలుపులు వేసే అలవాటు లేదు. పైగా ఆ తలుపు గడియ పాడై రెండేళ్ళయింది. వడ్రంగిని పిలవమని నేను పోరుతూనే ఉన్నాను, ఆయన రేపు రేపంటూనే ఉన్నారు. లాగితే ఊరికే దగ్గరికి వచ్చి ఆగుతుంది, అంతే.

"ఏవండీ, టిఫినో?" అన్నాను బయట నుంచి.

"తర్వాత తింటాను. నువ్వు ఇటు రాకు," అన్నారు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. వంటింట్లోకి వెళ్ళానే గానీ చెవులు అక్కడే ఉన్నాయి. లోపల నుంచి ఆయన గొంతు ఒక్కటే మెల్లగా, మెత్తగా వినబడుతోంది, అవతలి గొంతు అందట్లేదు. "అలాగేనండి. తమరు ఎలా చెబితే అలాగేనండి." నాతో ఏనాడైనా అలా మాట్లాడారా ఈయన? పులుసులో ఉప్పు తక్కువైతే వీధి చివరికి వినబడేలా అరుస్తారు.

పదకొండింటికి చెరువు కాపలా అతను నాకు ఫోన్ చేశాడు. "అయ్యగారు ఫోనెత్తట్లేదండి. ఒంట్లో బాగోలేదేంటండి?"

"కొంచెం జ్వరం," అని అబద్ధం చెప్పాను. ఇంటి గుట్టు వీధిన పడుతుందని భయం.

మధ్యాహ్నం కంచం తీసుకెళితే తలుపు సందులోంచి చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది. అందుకుంది, తలుపు మళ్ళీ దగ్గరికి జరిగింది. అప్పుడు వినబడింది. "మీరు భోజనం చేశారాండీ?"

ఇక ఆడమనిషే, సందేహం లేదు. ఇస్త్రీ చొక్కా దేనికో కూడా తెలిసిపోయింది, వీడియో కాల్. యాభై ఎనిమిదేళ్ళొచ్చాక ఇదేం పోయేకాలం ఈయనకి అనుకుంటూ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. వెళ్ళి అడిగితే అవునని చెప్పేస్తారేమో. అడగకపోతే ఇంకో పూటైనా నా మనిషిగా ఉంటారు. అలా ఆ రోజంతా గడిపాను. రాత్రి ఆయన ఆ గదిలోనే పడుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే మెత్తటి గొంతు. "మీ భోజనం అయ్యిందాండీ?" ఈసారి ఒళ్ళు మండిపోయింది. చేతిలో గరిటెతోనే వెళ్ళి తలుపు తోశాను.

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నారు. ఎదురుగా మందుల డబ్బాకి ఆనించి ఫోను. కంచంలో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. నన్ను చూసి వద్దు వద్దని చెయ్యి ఊపారు. ఆ సినిమాలో నేల మీద కూర్చున్నవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో ఆయన మొహం అలా ఉంది.

ఫోన్లో ఆడమనిషి లేదు. ఖాకీ చొక్కా మనిషి ఉన్నాడు, వెనకాల గోడకి జెండా.

"భార్యవా? నీ పేరు కూడా కేసులో ఉంది. కదలకుండా పక్కన కూర్చో," అన్నాడు.

నిజమే చెబుతాను. "నమస్కారమండి," అని గరిటె పక్కన పెట్టి మంచం అంచున కూర్చున్నాను. నేనే. తలుపు బార్లా తెరిచి ఉంది, దాని వైపు చూడాలని కూడా తోచలేదు.

మా ఆయన పేరు మీద మత్తుమందుల పార్సిల్ దొరికిందట. మూడింటికల్లా బ్యాంకుకెళ్ళి ఉన్నదంతా పంపకపోతే ఇద్దరికీ జైలట, అప్పటిదాకా ఫోను కట్టేయకూడదట, గది దాటకూడదట. వింటూ వింటూ ఉండగా, నిన్నటి నుంచి ఆయన పూటపూటా అడుగుతున్న మాట గుర్తొచ్చింది.

"మీ భోజనం అయ్యిందాండీ?" అని నేనూ అడిగాను.

"ఎక్కువ మాట్లాడకు," అన్నాడు.

అక్కడ పట్టుకుంది నా అనుమానం. మా వైపు పోలీసులు తిట్టడం నేనూ విన్నాను. కరెంటు తీసేయడానికి వచ్చినవాళ్ళనీ చూశాను. ఎంత కోపంగా వచ్చినవాడైనా ఆ మాటకి "ఆఁ, అయ్యిందండి" అనేసి ఆ తర్వాతే తిడతాడు. ఆ మాటకి బదులే ఇవ్వని వీడెవడు? లేచి ఫోన్ తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టాను. కాసేపు లోపల నుంచి అరుపులు వినబడ్డాయి, తర్వాత ఆగిపోయాయి.

తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా అలాగే నిటారుగా కూర్చుని ఉన్నారు.

"దొంగ వెధవండీ వాడు. సాయంత్రం స్టేషన్‌కెళ్ళి చెబుదాం. నాకు ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాను.

"చెబితే నిన్నూ తీసుకెళతానన్నాడు. అందుకే ఇటు రావద్దన్నాను." ఆయన నా వైపు తిరిగారు. "నువ్వేమనుకున్నావు?" అన్నారు.

అనుకున్నదంతా చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"ఆ గడియ పడదని నీకు తెలుసుగా. నిన్న పొద్దున్నే తోసుండొచ్చుగా," అన్నారు.

"తెలుసండి. చూడాలంటే భయమేసింది."

ఆయన మెడ దగ్గర గుండీ విప్పుకున్నారు. చల్లారిపోయిన కంచం దగ్గరికి లాక్కుని, ముద్ద చేతిలోకి తీసుకుని ఆగారు.

"నువ్వు తిన్నావా?" అన్నారు.

నిన్నటి నుంచి లేదన్నాను.